పానకాలు ఇంటి బడ్జెట్ రౌటర్

తాటికొండ పానకాలు ఇంట్లో రౌటర్ చచ్చిపోయింది మంగళవారం పొద్దున్న, సరిగ్గా ఎనిమిదింటికి. ఒక్క ఉరుము ఉరిమింది. హాల్లో గోడకున్న చిన్న నల్లపెట్టె మీద దీపాలన్నీ ఒక్కసారి భగ్గున వెలిగి ఆరిపోయాయి. ఆ సమయానికి అతని భార్య భ్రమరాంబ లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, వేరే రాష్ట్రాల నుంచి ఇక్కడి బ్యాంకుల్లో ఉద్యోగాలకొచ్చిన పదకొండుమందికి తెలుగు నేర్పుతోంది. ఆ రోజు పాఠం 'ళ' అక్షరం. నాలుక ఎక్కడికి మడవాలో చూపిద్దామని ఆమె నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే పదకొండు ఊళ్ళలో పదకొండు తెరల మీద నిలిచిపోయింది. వాళ్ళు బుద్ధిమంతులు. అదే పాఠమనుకుని పది నిమిషాలపాటు తామూ అలాగే నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారట.

"ఏమండీ, పెట్టె పోయింది," అంది భ్రమరాంబ హాల్లోకొచ్చి.

"పోతే కొందాంలే," అన్నాడు పానకాలు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆ మాటను అంత తేలిగ్గా అనగలగడం అతనికి అదే ఆఖరిసారి.

పానకాలుది గుంటూరు. కొరిటెపాడులో సొంత ఇల్లు. మెట్టభూముల రికార్డుల పునస్సమీక్షా సంస్థలో సీనియర్ అసిస్టెంట్. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరికీ ఎదురు చెప్పలేదు, ఏ కాగితమూ పోగొట్టలేదు. భ్రమరాంబ టీచరు ట్రైనింగ్ చేసి ఇరవై ఏళ్ళు నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసింది. ఇక రాదని తెలిశాక, మూడేళ్ళ కిందట ఆ లోపలి గదిలో తనే ఒక బడి పెట్టుకుంది. ఆ పదకొండుమందికీ నలభై రోజుల్లో బ్యాంకు వాళ్ళ భాషా పరీక్ష ఉంది. గట్టెక్కకపోతే ఉద్యోగాలు ఖాయం కావు. అందులో ఒకమ్మాయి రోజూ పాఠం అయ్యాక "నమస్కారం, మేడం, నేను పాసు అవుతానా?" అని పూర్తి వాక్యంలో అడిగేది. భ్రమరాంబ కూడా పూర్తి వాక్యంలో "నువ్వు తప్పకుండా పాసవుతావు" అని చెప్పేది.

పానకాలు ఆఫీసులో గంట పర్మిషన్ తీసుకుని అరండల్‌పేటలో మస్తాన్ షాపుకు వెళ్ళాడు. మస్తాన్‌కు యాభై దాటాయి. రేడియోల కాలం నుంచి అదే కొట్టు.

"ఎంతమంది వాడతారు సార్?"

"ఇద్దరమే."

"గదులు?"

"హాలు, రెండు గదులు, వంటిల్లు. గోడలు మాత్రం పాతకాలంవి, బాగా మందం. మా ఆవిడ వీడియోలో క్లాసులు చెప్తది."

మస్తాన్ వెనక్కి తిరిగి అరలోంచి ఒక డబ్బా తీశాడు. "అయితే రెండు బ్యాండ్లది తీసుకోండి. ఒకటి గోడలు దాటుకుని దూరం పోయిద్ది, రెండోది దగ్గర్లో జోరుగా పనిచేసిద్ది. ఆరు యాంటెన్నాలున్నవి కూడా ఉన్నయ్. చూడ్డానికి బావుంటయ్ గానీ మీకెందుకు? ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి. బీరువా చాటున మాత్రం పెట్టబాకండి, ఇనుము సిగ్నల్ని మింగేసిద్ది. ఇది బడ్జెట్ రౌటర్ సార్. మీ ఇంటికి ఇది చాలు."

అంతా కలిపి ఏడు నిమిషాలు పట్టింది. ఈ కథలో రౌటర్ ఎంపిక గురించి ఎవరైనా ఆలోచించింది ఆ ఏడు నిమిషాలే.

పానకాలు జేబులో చెయ్యి పెట్టాడు. పర్సు కంటే ముందు ఫోన్ మోగింది. సూపరింటెండెంట్ ఆదిశేషయ్య.

"పానకాలూ, రౌటర్ కొనడానికి పోయావంట గదా? కొన్నావా ఏంది?"

"ఇదిగో, కొంటన్నా సార్."

"కొనబాకు! ఎక్కడున్నవాడివి అక్కడ దాన్ని కింద పెట్టేసి వచ్చెయ్. సర్క్యులర్ వచ్చింది."

పానకాలు డబ్బాను కింద పెట్టాడు. వేడి గిన్నెను దింపినట్టు రెండు చేతులతో, నెమ్మదిగా.

రాజధానిలో సంస్థ పెద్దలు ఏదో సదస్సుకు వెళ్ళొచ్చారు. ఇళ్ళ నుంచే పని చేయించే దేశాలు ఎంత ముందుకు పోయాయో అక్కడ తెర మీద బొమ్మలు చూపించారు. తిరిగొచ్చిన వారంలోనే 'గృహ డిజిటల్ సంసిద్ధతా పక్షోత్సవాలు' మొదలయ్యాయి. ఇకమీదట ప్రతి బుధవారం ఉద్యోగులు ఇంటి నుంచే పని చేయాలి. సర్క్యులర్ మూడో పేరా ఇలా ఉంది: 'సంస్థ దస్త్రములు ఏ గాలిలో ప్రయాణించునో, ఆ గాలి సంస్థ ఆమోదము పొందినదై యుండవలెను. కావున ఉద్యోగి నివసించు సొంత లేదా అద్దె గృహమునందు ఆమోదము లేని నిస్తంత్రీ ప్రసారకము కనుగొనబడినచో క్రమశిక్షణా చర్య తీసుకొనబడును.'

"నిస్తంత్రీ ప్రసారకం అంటే?" అని అడిగాడు పానకాలు ఆఫీసుకు తిరిగొచ్చాక.

"అదే, నీ రౌటర్. అప్లికేషన్ పెట్టుకో. పద్నాలుగు పేజీలు, అంతే. నీ మంచికే చెప్తన్నా," అన్నాడు ఆదిశేషయ్య.

"మా ఆవిడ పేరు మీద కొనుక్కుంటే?"

"కొన్నది ఎవరని కాదయ్యా. నువ్వు ఏ ఇంట్లో ఉంటావో ఆ ఇంటి గాలి లెక్క."

పానకాలు రెండు రోజులు కూర్చుని పద్నాలుగు పేజీలూ నింపాడు. గోడల మందం రాశాడు, కిటికీల సంఖ్య రాశాడు, ఇంట్లో పెంపుడు జంతువులు లేవని ధ్రువీకరించాడు. తొమ్మిదో కాలమ్ 'కోరుచున్న ప్రసారకము యొక్క రకము'. అక్కడ మస్తాన్ చెప్పిన మాటే రాశాడు: బడ్జెట్ రౌటర్.

మూడో రోజు జాయింట్ డైరెక్టర్ చక్రధరం గారు పిలిపించారు. ఆయన చాంబర్ రెండో అంతస్తులో ఉంది. పెద్ద బల్ల, ఎత్తు కుర్చీ, కిటికీ నిండా వెలుతురు. ఫైలు మీద తొమ్మిదో కాలమ్ దగ్గర ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

"పానకాలు గారూ, బడ్జెట్ రౌటర్ అని మీరే రాశారు కదా?"

"అవును సార్."

"బడ్జెట్ అన్నాక ఏదో ఒక పద్దు కింద చూపాలి. పద్దు కింద చూపితే అది సంస్థ ఆస్తి. మీరు అడుగుతున్నది ఆమోదం కాదు, కేటాయింపు. చాలా దూరదృష్టితో రాశారు. అభినందిస్తున్నాను."

"లేదు సార్, బడ్జెట్ అంటే చవకది అని. బజార్లో అట్లా అంటారు."

చక్రధరం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బజారు భాష ఫైల్లోకి రాకూడదు పానకాలు గారూ. వచ్చిందంటే, అప్పుడది బజారు భాష కాదు."

ఆ పేజీ ఒక్కటి వెనక్కి తీసుకోవడానికి వీలుందా అని పానకాలు అడిగాడు. ఉందనీ, దానికి వేరే పద్నాలుగు పేజీలున్నాయనీ, మొదటి దరఖాస్తు పరిష్కారం అయ్యాకే వాటిని పరిశీలిస్తారనీ తెలిసింది.

ఈ లోపల భ్రమరాంబ ఫోన్‌తో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో సిగ్నల్ అందక డాబా ఎక్కింది. ఎండకు గొడుగు, గాలికి పుస్తకం మీద ఇటుకముక్క. వత్తులు చెప్తుండగా రోజువారీ డేటా అయిపోయేది. 'అక్క'లో సగం ఆ రోజు, మిగతా సగం మర్నాడు. పాసవుతానా అని అడిగే అమ్మాయి ఒకరోజు ఆ ప్రశ్న మధ్యలోనే తెగిపోయింది. భ్రమరాంబ కిందికొచ్చి గొడుగు మూలన పెట్టి కూర్చుంది. పానకాలు మంచినీళ్ళిస్తే తాగింది. అంతే.

పన్నెండో రోజు సంస్థ వేసిన రౌటర్ ఎంపిక సంఘం ఇంటికొచ్చింది. చక్రధరం గారు అధ్యక్షులు, ఆదిశేషయ్య కార్యదర్శి. సభ్యులు ఇంకో నలుగురు టేపు పట్టుకుని గదులు కొలిచారు. వంటింటి కిటికీలోంచి వచ్చే గాలి ఆమోదం పొందినదా కాదా అన్న దాని మీద కాసేపు చర్చ జరిగింది. తర్వాత కుర్చీల్లో కూర్చుని అసలు విషయానికొచ్చారు.

"యాంటెన్నాలు హోదాను బట్టి," అన్నారు చక్రధరం గారు. "డైరెక్టరు గారికి ఆరు. నాకు నాలుగు. సూపరింటెండెంటుకు రెండు. సీనియర్ అసిస్టెంటుకు ఒకటిన్నర."

"ఒకటిన్నర యాంటెన్నా రౌటర్ ఎక్కడా దొరకదండీ," అంది భ్రమరాంబ, కాఫీ గ్లాసులు అందిస్తూ.

"దొరకదని మాకూ తెలుసు అమ్మా. రెండున్నదే ఇస్తాం. రెండోదాన్ని సగానికి మడిచి లక్కముద్ర వేస్తాం. ముద్ర చెదరకూడదు."

"మరి బ్యాండ్లు?"

"రెండు బ్యాండ్లు ఎందుకమ్మా ఇద్దరున్న ఇంటికి?"

"ఒకటి గోడలు దాటడానికండీ, ఇంకోటి వేగానికి."

"వేగం!" అని చక్రధరం గారు సభ్యుల వైపు చూశారు. సభ్యులు విచారంగా తలలాడించారు. "సీనియర్ అసిస్టెంటు ఫైలు జాయింట్ డైరెక్టరు ఫైలు కంటే వేగంగా వెళ్తే పరిపాలన ఏమైపోతుంది? ఒక్క బ్యాండు చాలు. అదీ, గోడలు దాటనిది ఇవ్వండి. గోప్యత ముఖ్యం."

ఆదిశేషయ్య రాసుకున్నాడు. మస్తాన్ చెప్పినట్టు ఇంటి మధ్యలో, ఎత్తున పెట్టమని పానకాలు బతిమాలాడు. సంస్థ ఆస్తిని అలా అందరికీ కనపడేలా పెట్టడం ప్రమాదమన్నారు సభ్యులు. చివరికి పడగ్గదిలో ఉన్న ఇనప బీరువాను ఎంపిక చేశారు. దానికి రెండు తాళాలు వేయాలి. ఒక తాళంచెవి పానకాలు దగ్గర, రెండోది ఆఫీసులో ఉంటాయి.

"బీరువాలో చీరలున్నయ్," అంది భ్రమరాంబ.

"వాటిని స్వాధీనం చేసుకునే ఉద్దేశం సంస్థకు లేదు," అని చక్రధరం గారు హామీ ఇచ్చారు.

ఇరవై నాలుగో రోజు రౌటర్ వచ్చింది. జీపులో ఇద్దరు మనుషులు తెచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, ఫోటో తీశారు, మడిచిన యాంటెన్నాకు లక్క కరిగించి ముద్ర వేశారు, బీరువాలో పెట్టి రెండు తాళాలూ వేశారు. బీరువా తలుపుల సందులోంచి ఆకుపచ్చ దీపం వెలుగు సన్నగా కనిపించింది. భ్రమరాంబ కంప్యూటర్ తెచ్చి బీరువాకు ఆనించి పెట్టుకుని చూసింది. తలుపు మీద చెయ్యి పెట్టి చూసింది. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది.

"ఇనుము మింగేసిద్దని చెప్పాడు మస్తాన్," అన్నాడు పానకాలు, తప్పు తనదే అయినట్టు.

"ఇంకా పదహారు రోజులున్నయ్ పరీక్షకి," అంది ఆమె. గొడుగు తీసుకుని మళ్ళీ డాబా ఎక్కింది.

మూడు రోజులు గడిచాక ఆడిట్ వాళ్ళు అభ్యంతరం లేవనెత్తారు. సంస్థ ఆస్తి ప్రైవేటు ఇంట్లో ఎలా ఉంటుంది? ఇది ఘోరమైన అక్రమం. చక్రధరం గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"రౌటర్ని వెనక్కి తెచ్చేద్దాం సార్," అన్నాడు పానకాలు ఆశగా.

"ఒకసారి ప్రతిష్ఠించిన ఆస్తిని కదపాలంటే అది పనిచేయడం లేదని తేలాలి. దీపం వెలుగుతోందిగా?"

"వెలుగుతోంది సార్."

"అయితే పనిచేస్తోంది. కాబట్టి ఆస్తిని కదపలేం. మిగిలింది మీ ఇల్లు." చక్రధరం గారి ముఖం ప్రశాంతంగా ఉంది. "మీ ఇంటిని కార్యాలయంగా ప్రకటిస్తే సంస్థ ఆస్తి సంస్థ కార్యాలయంలోనే ఉన్నట్టవుతుంది. కార్యాలయం అంటే ఏమిటి? ఆమోదిత ప్రసారకం ఉన్న ఆవరణ. ఈ నిర్వచనం ఇవాళే జారీ చేస్తున్నాను."

మర్నాడు పానకాలు ఇంటి గేటుకు బోర్డు వచ్చింది. ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు. ఆదివారాలు, రెండో శనివారాలు సెలవు. ఐదు దాటాక కార్యాలయంలో ఎవరూ ఉండకూడదు కాబట్టి, దంపతులు అందులో నిద్రపోవడానికి వారం వారం ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. వంటింటిని క్యాంటీన్‌గా గుర్తించారు. ఉప్మా చేసిన రోజు ఆదిశేషయ్య వచ్చి రుచి చూసి నాణ్యత ధ్రువీకరించి, రెండోసారి కూడా ధ్రువీకరించి వెళ్ళాడు. ఆ వారంలోనే భ్రమరాంబ పేర నోటీసు వచ్చింది: 'కార్యాలయ ఆవరణ యొక్క పైభాగమున గొడుగు క్రింద ప్రైవేటు బోధన సాగించుచున్నట్లు తెలియవచ్చినది. తక్షణము నిలిపివేసి సంజాయిషీ ఇవ్వవలెను.'

భ్రమరాంబ నోటీసును రెండుసార్లు చదివింది. రెండోసారి చదువుతూ ఎర్రసిరా పెన్ను తీసుకుని మూడు అక్షరదోషాలు దిద్దింది. తర్వాత పానకాలు ముందు కూర్చుంది.

"ఏమండీ, ముప్పై ఏళ్ళుగా వాళ్ళ భాషలో వాళ్ళ కోసం రాశారు. నేనెప్పుడన్నా మిమ్మల్ని ఏమన్నా అడిగానా?"

"లేదు."

"ఒక్క ఉత్తరం మన కోసం రాయండి. తిట్టొద్దు. ఏడవొద్దు. మీరు రోజూ రాసినట్టే రాయండి."

పానకాలు కాగితం తీసుకుని తేదీ వేశాడు. ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. కానీ సందేహం అడగడం వచ్చు. ముప్పై ఏళ్ళుగా పైవాళ్ళు పంపిన ఫైళ్ళను అతను ఆపగలిగినప్పుడల్లా ఆపింది సందేహంతోనే. సర్క్యులర్ ముందు పెట్టుకున్నాడు. చక్రధరం గారి నిర్వచనం దాని పక్కన పెట్టుకున్నాడు. అర్ధగంటలో ఐదు వాక్యాలు రాసి రాజధానికి పంపాడు.

'కార్యాలయమనగా ఆమోదిత ప్రసారకము గల ఆవరణ యని జాయింట్ డైరెక్టరు వారు నిర్వచించియున్నారు. గుంటూరు నందలి సంస్థ వారి మూడంతస్తుల భవనములో ఆమోదిత ప్రసారకమేదియు లేదు. క్రింది జిరాక్సు దుకాణము వారి దయతో నెట్టు వచ్చుచున్నది. కావున సదరు భవనము కార్యాలయము కాదని భావించవచ్చునా? కానిచో అందు నలభై ఒక్కమంది ప్రతిదినము ఏమి చేయుచున్నారో స్పష్టత ఇవ్వ ప్రార్థన.'

పోస్టు డబ్బాలో కవరు వేశాడు. ఇంటికొచ్చి భ్రమరాంబతో "ఉద్యోగం పోయేట్టుంది," అన్నాడు.

"పోనివ్వండి. ఇల్లు ఎట్లాగూ పోయింది," అంది ఆమె.

మామూలుగా రాజధాని నుంచి జవాబు రావడానికి ఒక వర్షాకాలం పడుతుంది. కానీ పక్షోత్సవాల ముగింపు నివేదికలో చూపించడానికి అక్కడ ఒక్క విజయమూ లేదు. పానకాలు ఉత్తరం వాళ్ళకు వెలుగులా కనిపించింది. నాలుగో రోజే ఉత్తర్వు వచ్చింది. గుంటూరు యూనిట్ యావత్తూ ఆమోదిత కార్యాలయంలోకి, అంటే కొరిటెపాడు ఇంట్లోకి, సోమవారం లోపు తరలి, రాష్ట్రంలో తొలి సంపూర్ణ గృహ డిజిటల్ యూనిట్‌గా నిలవాలి. కార్యాలయం కాదని తేలిన మూడంతస్తుల భవనం ఖాళీ నివాసం కిందికి వస్తుంది. ఇల్లు కోల్పోయిన ఉద్యోగికి ముందుగా అందులో క్వార్టర్ కేటాయించాలి.

చక్రధరం గారు ఉత్తర్వును మూడుసార్లు చదివారు. అందులో ప్రతి మాటా ఆయనదే. కాదనడానికి ఎక్కడా సందు లేదు.

సోమవారం పొద్దున్న రెండు లారీలు ఎదురెదురుగా వచ్చి వీధి మలుపులో ఆగాయి. ఒకదాని నిండా ఫైళ్ళు, రెండోదాంట్లో పానకాలు సామాను. ఇనప బీరువా మాత్రం కదలలేదు. భ్రమరాంబ చీరలు అందులోనే ఉండిపోయాయి. అవి కార్యాలయ రికార్డులో నూట ముప్పై ఆరో అంశంగా నమోదయ్యాయని తర్వాత తెలిసింది. నలభైమంది ఉద్యోగులు హాలు, రెండు గదులు, క్యాంటీన్‌లో సర్దుకున్నారు. చక్రధరం గారి ఎత్తు కుర్చీ గుమ్మంలో పట్టలేదు. ఆయన పానకాలు వదిలేసి వెళ్ళిన మంచం మీద కూర్చుని సంతకాలు పెట్టారు.

పానకాలు వాళ్ళకు వచ్చింది రెండో అంతస్తులో చాంబర్. కిటికీ నిండా వెలుతురున్న గది. పెద్ద బల్ల అక్కడే ఉంది, కుర్చీ కూడా తిరిగొచ్చింది. భ్రమరాంబ బల్ల మీద చెయ్యి పెట్టి చూసింది, కుర్చీలో కూర్చుని ఒకసారి గుండ్రంగా తిరిగింది. "గాలి బాగా వస్తందండీ," అంది.

"ఆ సర్క్యులర్ ఇటివ్వు," అన్నాడు పానకాలు. మూడో పేరా మీద వేలు పెట్టాడు. "సొంత లేదా అద్దె గృహం అని రాశారు. ఇది సొంతమూ కాదు, అద్దెదీ కాదు. క్వార్టర్. దీని గాలి గురించి వాళ్ళేమీ రాయలేదు."

ఆ సాయంత్రం అతను మస్తాన్ షాపు నుంచి రెండు బ్యాండ్ల రౌటర్ తెచ్చి, గోడకు మధ్యలో, తల కంటే ఎత్తున మేకు కొట్టి తగిలించాడు. ఏ యాంటెన్నాకూ ముద్ర వేయలేదు. పక్కన నిలబడి చాలాసేపు దీపాల వంక చూశాడు. ముప్పై ఏళ్ళలో తన సొంత నిర్ణయంతో ఆ భవనంలో అతను చేసిన మొదటి పని అది.

పరీక్షకు ఐదు రోజులే ఉన్నాయి. భ్రమరాంబ పొద్దున ఒక క్లాసు, పదిన్నరకు ఇంకో క్లాసు పెట్టింది. పదకొండు ముఖాలూ తెర మీద కదులుతున్నాయి, నోళ్ళు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. 'ళ' అందరికీ వచ్చింది.

గురువారం పానకాలు సెలవు పెట్టి క్వార్టర్లోనే ఉన్నాడు. రెండో క్లాసు మధ్యలో చాంబర్ తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చక్రధరం గారు. చేతిలో కంప్యూటర్ సంచీ, ముఖం నిండా చెమట. పానకాలు లేచి నిలబడ్డాడు. అలవాటు.

"పానకాలు గారూ, పదకొండింటికి రాజధానితో నాకు వీడియో సమావేశం. తొలి సంపూర్ణ డిజిటల్ యూనిట్ సాధించిన ప్రగతిని నివేదించాలి. అక్కడ... అక్కడ దీపం వెలుగుతోంది గానీ..."

"సిగ్నల్ రాదు సార్. తెలుసు."

"మీ దగ్గర వస్తుందని ఆదిశేషయ్య చెప్పాడు."

పానకాలు భార్య వైపు చూశాడు. భ్రమరాంబ తల తిప్పకుండానే, పాఠం ఆపకుండానే, ఒక చెయ్యెత్తి బయట వరండాలో ఉన్న బెంచీ చూపించింది. "ఇంకో ఇరవై నిమిషాలండీ," అంది మెల్లగా, వెంటనే గొంతు పెంచి, "అందరూ అనండి, కళ్ళు, గోళ్ళు, నీళ్ళు."

చక్రధరం గారు నోరు తెరిచారు. చెప్పడానికి ఏ నిబంధనా గుర్తు రాలేదు. వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు.

ఆ బెంచీ మీద అప్పటికే ఒక ముసలామె కూర్చుని ఉంది. నడికుడి అవతల నుంచి వచ్చింది. మూడెకరాల మెట్టచేను రికార్డులో చెరువని పడింది. దాన్ని మళ్ళీ చేను చేయించుకోవడానికి ఆరేళ్ళుగా ఆ మెట్లెక్కుతోంది. ఆఫీసు మారిందని ఆమెకెవరూ చెప్పలేదు. పక్కన కూర్చున్న పెద్దమనిషిని ఎగాదిగా చూసింది. నలిగిన చొక్కా, ఒళ్ళో సంచీ, తలుపు మీదే పెట్టుకున్న కళ్ళు.

"నీదే ఊరు నాయనా?"

ఆయన సర్దుకుని కూర్చున్నారు. "ఈ ఊరే."

"ఎన్నాళ్ళబట్టి తిరుగుతన్నావ్?"

చక్రధరం గారు చేతి గడియారం చూసుకున్నారు. పదకొండుకు పావు. "ఇవాళే మొదలు," అన్నారు.

ముసలామెకు జాలేసింది. బెంచీ మీద ఇంకాస్త చోటిచ్చి, కాళ్ళ దగ్గరున్న మంచినీళ్ళ సీసా ఆయన వైపు జరిపింది. "కొత్తోడివి గామాల. ఆ తలుపు వంక అట్టా చూడబాక, మెడ పట్టుకుంటది. చెప్పులిప్పేసి నిమ్మళంగా కూసో," అంది.